బుగ్గ కాడ చాంద్‌బీ మొగుడు

బిందె నిండేదాకా మనిషి కదలడానికి లేదు. ముందున్న బిందె నిండితే వెనకున్నది జానెడు ముందుకు జరుగుతుంది, దానితోపాటు మనిషీ జరుగుతాడు, మళ్లీ నిలబడతాడు. కొండెక్కి వచ్చిన కాసేపటికే బుడన్‌సాబ్‌కు ఈ సంగతి తెలిసిపోయింది. పెనుకొండ కొండకు తూర్పు పక్క, సీతాఫలం చెట్ల నడుమ, ఏనుగంత బండ ఒకటుంది. దాని కింది పగులులోంచి నీళ్లొస్తాయి. ఎవరో ఎప్పుడో ఆ పగులుకు ఇనుప గొట్టం ముక్క బిగించి చుట్టూ సిమెంటు మెత్తారు. ఊళ్లో అందరూ దాన్ని బుగ్గ అంటారు. మంచి వానలు పడిన ఏడు గొట్టం నిండా దూకేవట నీళ్లు. ఇప్పుడు వరసగా వానల్లేని ఏళ్లు. చిటికెన వేలంత ధార. అది కూడా పొద్దెక్కేకొద్దీ సన్నబడుతుందని, అందుకే తెల్లారీ తెల్లారకముందే పోవాలని చాంద్‌బీ చెప్పేది. ఎవరికి చెప్పేదో. తనకే చెప్పి ఉంటుంది, కూతురికి పెళ్లయి హిందూపురం పోయినాక ఇంట్లో ఉన్నది తామిద్దరే కదా. తాను విన్నాడా? విన్నట్టే ఉంది, లేకపోతే ఆ మాట ఇప్పుడు ఎక్కణ్నుంచి గుర్తుకొస్తుంది.

వరసలో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. బుడన్‌సాబ్ లుంగీ ఎగ్గట్టబోయి, చూసుకొని, కిందికి దించుకున్నాడు. తువ్వాలు భుజం మీద ఉండాలా తలకు చుట్టుకోవాలా తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అంతకన్నా తెలియలేదు. పరుపుల అంగట్లో చేతులకు ఎప్పుడూ పనుంటుంది. దబ్బనం ఉంటుంది, దారం ఉంటుంది, దూది ఉంటుంది. యాభై దాటిన మనిషి ఖాళీ చేతులతో, రెండు ప్లాస్టిక్ బిందెల వెనక, బడిపిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఇంట్లో నాలుగు బిందెలున్నాయి. వాటిలో మంచినీళ్లవి ఏవో, వాడుకనీళ్లవి ఏవో పొద్దున చీకట్లో తెలియక, ఒక్కోదాన్లో తలపెట్టి వాసన చూశాడు. రెండింట్లో సబ్బు వాసన. రెండింట్లో ఏ వాసనా లేదు. వాసన లేనివి సైకిలుకు కట్టుకొని కొండ కిందిదాకా తెచ్చాడు.

చాంద్‌బీ ధర్మవరం పోయి వారం దాటింది. ఆమె నింపి పెట్టిపోయిన కుండ ఉన్నన్నాళ్లూ బుడన్‌సాబ్‌కు ఏమీ అనిపించలేదు. కుండలో నీళ్లుంటాయని ఇన్నేళ్లుగా తెలుసు గానీ, అవి తమంతట తాము నడిచిరావని తెలియదు. కుండ అడుగుకొచ్చినాక బోరునీళ్లు తాగాడు. సుద్దముక్క నమిలినట్టుంది నోరు. ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగాయి, పప్పు పెడితే ఉడకలేదు. ఉడకని పప్పు ముందర కూర్చుని, గింజ ఒకటి పళ్ల మధ్య పెట్టి కొరికి, దాని చప్పుడు ఇల్లంతా వినబడితే, అప్పుడనిపించింది ఇంట్లో ఎవరూ లేరని. నిన్న సాయంత్రం బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూత్‌కు పోయాడు. ధర్మవరంలో వాళ్లక్క ఇంటి పక్కవాళ్లకు ఫోనుంది. వాళ్లు పిలిస్తే చాంద్‌బీ వచ్చింది. ‘ఎప్పుడొస్తాండావు’ అని అడిగాడు. ‘చూస్తాలే’ అంది. ‘అక్కోళ్లింట్లో పట్టుదారం కండెలకు చుడతాండా. చేతికి పనుండాది’ అంది. ఆ తరువాత ఆమె ఊపిరి మాత్రం వినబడింది. హిందూపురంలో కూతురు షహీన్‌కు కూడా చేసి, మీ అమ్మను ఒకమాట అడగమన్నాడు. ‘నేనడగను నాయనా. ఆయమ్మ పోయింది నీ ఇంట్లోంచి. నువ్వే అడుగు’ అని పెట్టేసింది.

ధార కింద ఎవరిదో బిందె నిండినట్టుంది. ధార చప్పుడు మారింది. బిందె అడుగున పడేటప్పుడు డబడబమని డప్పులా మోగిన నీళ్లు, సగానికొచ్చేసరికి గొంతు మార్చి, అంచుకొచ్చేసరికి ఏదో గుసగుస చెప్పినట్టవుతాయి. ఈ చప్పుడు బాగుంది. తన నాయన దూదేకే విల్లు కూడా ఇట్లాగే గొంతు మార్చేది. దూది గడ్డగా ఉన్నప్పుడు ఒక చప్పుడు, విచ్చుకున్నాక ఒక చప్పుడు. నాయన ఆ విల్లు భుజాన వేసుకొని తాడిమర్రి, కనగానపల్లి, కొత్తచెరువు, ఊరూరూ తిరిగేవాడు, వెనక తాను. ఎవరి ఇంటి ముందరో పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని కుప్పపోసి, నాయన విల్లు మీటుతుంటే కుప్పలోంచి మబ్బులు లేచినట్టు లేచేది దూది. ముక్కుకూ నోటికీ తువ్వాలు బిగించి కట్టేవాడు నాయన. ‘నోరు తెరిచినావంటే దూది పోతాది. దగ్గు పట్టుకుంటాది. నోరు మూసుకొని పని చెయ్యల్ల’ అనేవాడు. నాయన చెప్పింది పనిచేసేటప్పటి మాట. మరి తాను దాన్ని ఇంటికెందుకు తెచ్చుకున్నాడో, ఎప్పుడు తెచ్చుకున్నాడో. తరువాత విల్లు పోయి మిషను వచ్చింది, తువ్వాలు ముఖానికి కట్టుకునే పని కూడా తగ్గింది, నోరు మాత్రం అట్లాగే అలవాటు పడిపోయింది. అంగడికొచ్చినవాళ్లు అడిగితే ‘ఊ’, ‘ఊహూ’. చాంద్‌బీ అడిగితే అదీ లేదు, తల ఊపితే చాలు, ఆమెకు అర్థమవుతుంది. అర్థమవుతుందనే అనుకున్నాడు.

ఆ రోజు కూడా తాను అన్నది ఒక్కమాటే. మిట్టమధ్యాహ్నమైంది, ఆమె ఇంకా బుగ్గ నుంచి రాలేదు. పొద్దున పోయింది పోయినట్టే. ఎవరిదో పెళ్లి పరుపు, సాయంత్రానికి ఇవ్వాలి, ఆకలి. ఆమె వచ్చి నెత్తిమీది బిందె, చంకలోని బిందె దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే, కుట్టుమీదినుంచి తల ఎత్తకుండానే అన్నాడు: ‘నీళ్లు తెచ్చేదానికి పోతావా, ఊరోళ్లతో ముచ్చట్లాడేదానికి పోతావా? నీకేం పని ఇంగ.’ అంతే. కోపంగా కూడా అనలేదు. ఆమె అన్నం వండి పెట్టింది. గిన్నెలు కడిగి బోర్లించింది. దీపాలు పెట్టే వేళకు, ‘ధర్మవరం అక్కోళ్లింటికి పోయొస్తా’ అంది. ‘ఊ’ అన్నాడు. ఎప్పుడొస్తావని అడగలేదు. మరుసటి పొద్దున బుగ్గకు పోయొచ్చి, కుండ నింపి, గడప దాటేటప్పుడు ఆమె ఒకసారి నిలబడింది. చెప్పు సరిచేసుకుంటోందనుకున్నాడు. ఇప్పుడనిపిస్తోంది, చెప్పు సరిగానే ఉండి ఉంటుంది.

“ఏమన్నా! చెప్పినట్లే వచ్చినావే!”

బుడన్‌సాబ్ ఉలిక్కిపడ్డాడు. ముందర నిలబడినామె వెనక్కి తిరిగి నవ్వుతోంది. మునెమ్మ. దర్గా ముందర పూలమ్ముతుంది, వాళ్ల ఇల్లు తమ వీధి చివరే. ఇంతవరకూ ఎప్పుడైనా ఆమెతో మాట్లాడాడో లేదో గుర్తులేదు.

“నేనేం చెప్పినా?” అన్నాడు.

“ఊర్కో అన్నా, మాకన్నీ తెలుసు. ‘నీకు మోకాళ్లు నొస్తాండాయి, రొంత పొద్దులు మీ అక్కోళ్లింట్లో కూర్చోని తిను, బుగ్గ కాడికి నేను పోతా’ అని చాంద్‌బక్కను నువ్వే గదా ధర్మవరం పంపిచ్చినావు. పోయేముందర ఈడికొచ్చి చెప్పిపోయినాది. మా ఆయప్ప నీళ్లకొస్తాడు, కొత్త మనిషి, రొంత చూసుకోండమ్మీ అని.”

వరస మొత్తం ఇటు తిరిగింది. అందరి ముఖాల్లోనూ ఒకటే నవ్వు, పెళ్లికొడుకును చూసినట్టు. బుడన్‌సాబ్ ఏదో అనబోయాడు. నోట్లోకి దూది పోయినట్టయింది. మోకాళ్ల నొప్పులా? ఆమెకు మోకాళ్లు నొస్తున్నాయా? పంపించింది తానా? లేదని అంటే ఏమవుతుంది? లేదమ్మా, నేను పంపలేదు, ఆమే పోయింది, ఎందుకు పోయిందో అప్పుడు నాకు తెలియనే లేదు అని ఇంతమంది ఆడవాళ్ల ముందర చెప్పడమెట్లా? తల ఊపాడు. ఇంట్లో ఊపినట్టే. ఇక్కడ కూడా వాళ్లకు అర్థమైంది, వేరే విధంగా.

“మగోడా అది?” వరస పక్కన రాతిమీద కూర్చున్న ముసలమ్మ, చేయి కళ్లకు అడ్డం పెట్టుకొని చూసింది. ఆమె పేరు అలివేలమ్మ. కళ్లు మసకలు.

“చాంద్‌బక్క మొగుడవ్వా. పరుపుల బుడన్‌సాబ్,” అంది మునెమ్మ. “అన్నా, ఈ అవ్వ బిందె పట్టిచ్చేది చాంద్‌బక్క పని. ఈ పొద్దు నీది.”

పనంటే సరే. పని దొరికితే చేతులు నిమ్మళిస్తాయి. ముసలమ్మకు వరస లేదట, ఎప్పుడొస్తే అప్పుడే పట్టించాలట. బుడన్‌సాబ్ ఆమె ఇత్తడి బిందె తీసుకుపోయి ధార కింద పెట్టాడు. చల్లటి తుంపర్లు ముంజేతుల మీద పడ్డాయి. బండ మీద పచ్చగా పాచి. దాని మీద పాదం పెట్టడానికి ఉలితో చెక్కినట్టు ఒక గుంట ఉంది. ఎన్ని పాదాలు పెడితే ఆ గుంట అంత నున్నగా అయిందో. చాంద్‌బీ పాదం కూడా రోజూ ఇక్కడే ఆనుతుంది కాబోలు. ఆమె పాదం ఎంతుంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. బిందె నిండింది. ఎత్తి ముసలమ్మ చంకలో పెట్టాడు.

“బిస్మిల్లా అనవా?” అంది ముసలమ్మ.

“ఏందవ్వా?”

“నీ పెండ్లాం బిందె ఎత్తేటప్పుడు అంటాది గదప్పా. ఆ మాటంటే నాకు బరువు తెలీదు.”

“బిస్మిల్లా,” అన్నాడు బుడన్‌సాబ్. ముసలమ్మ తలూపి, బరువు సరిచేసుకొని, రాళ్లు తడుముకుంటూ దిగిపోయింది. ఎన్నేళ్లుగా చాంద్‌బీ ఈ మాట ఈమెకు చెబుతోందో. నమాజు మాట ఎత్తితే, నాకు రెండు ముక్కలు తప్ప రావు అనేది. ఆ రెండు ముక్కల్లో ఒకటి ఇక్కడ ఖర్చు పెడుతోందన్నమాట.

తిరిగి వరసలోకి వచ్చేసరికి వాళ్లు మొదలుపెట్టారు. ముందు రాణి అనే పిల్ల. పెళ్లయి ఏడాది కూడా కానట్టుంది, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. “అన్నా, నిజం చెప్పు. నువ్వు రోజూ చాంద్‌బక్క కంటే ముందర లేసి టీ పెట్టి, ఆ వేడి గ్లాసు ఆయమ్మ చెంపకు ఆనిచ్చి లేపుతావంట గదా? నేను మా ఆయప్పకు చెప్పినా. పొయ్యి ఎట్ల ముట్టిచ్చల్లో చూపీమన్నాడు. చూపిచ్చినా. ముట్టిచ్చి, మళ్ల పండుకున్నాడు.” ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఇంకొకామె అందుకుంది: ఎండాకాలం కరెంటు పోతే ఆమెకు నిద్ర పట్టేదాకా విసనకర్రతో విసురుతావంట గదన్నా. మరొకామె: అంగట్లో ఎవరెవరొచ్చినారో, ఎట్ల బేరమాడినారో అంతా రాత్రి అన్నం కాడ యాక్టింగ్ చేసి చూపిస్తావంట గదా, కొత్తచెరువు రెడ్డి గొంతు అచ్చం దించేస్తావంట, ఒకసారి చెయ్యన్నా మేము చూస్తాము. “ఈడ వద్దులేమ్మీ, ఆయన సిగ్గుపడతాండాడు,” అని మునెమ్మ వాళ్లను ఆపింది.

మొదట బుడన్‌సాబ్‌కు ఒళ్లు మండింది. అబద్ధాలు. ఒక్కటంటే ఒక్కటి నిజం లేదు. రోజూ పొద్దున టీ ఇచ్చి లేపేది ఆమె. కరెంటు పోతే చాప ఎత్తుకొని మిద్దెమీదికి పోయి పండుకునేవాడు తాను, ఆమె కింద ఏం చేసేదో తెలియదు. కొత్తచెరువు రెడ్డి అంగడికి వచ్చిన మాట నిజమే, ఒక గంటసేపు బేరమాడిన మాటా నిజమే, కానీ అది ఆమె లోపలినుంచి విని ఉంటుంది. తరువాత అనుమానం వచ్చింది, నలుగురిలో తనను నవ్వులపాలు చేయడానికి చెప్పిందేమోనని. ఆ ముఖాలు చూస్తే అట్లా లేదు. వాళ్ల కళ్లల్లో ఉన్నది ఎగతాళి కాదు. పక్కింటి పొయ్యిమీద ఏదో కమ్మగా ఉడుకుతుంటే వచ్చే వాసన పీల్చినట్టు చూస్తున్నారు తనవైపు. అప్పుడు తన ఇంట్లోనే తనకు తెలియకుండా కాపురముంటున్న ఆ రెండో బుడన్‌సాబ్ మీద అసూయ పుట్టింది. వాడు మంచి మాటకారి. వాడికి పెళ్లాం మోకాళ్లు నొస్తాయని తెలుసు. వాడు ఆమెను గడపదాకా కాదు, బస్సుదాకా పోయి ఎక్కించి ఉంటాడు.

“అన్నిటికంటే నాకు పరుపు సంగతి ఇష్టమన్నా,” అంది రాణి. “బూరుగు దూదితో కుట్టినావంట గదా, మూలన పచ్చదారంతో ఆయమ్మ పేరు కూడా. పండుకుంటే నీళ్లమీద తేలినట్లుంటాదంట.”

బుడన్‌సాబ్ బిందె అంచు పట్టుకున్నాడు. ఇంట్లో ఉన్నది చాప. చాప మీద బొంత. పరుపులు కుట్టేవాడి ఇంట్లో పరుపు లేదన్న సంగతి ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు, తానూ అనుకోలేదు. కుట్టినవన్నీ గడప దాటి పోయేవే. ఎన్ని పెళ్లిళ్లకు కుట్టాడు, షహీన్ పెళ్లికీ కుట్టాడు. ఒకసారి, షహీన్ పరుపు కుట్టగా బూరుగు దూది మిగిలితే, చాంద్‌బీ దోసిలితో తీసి, ముఖానికి ఆనించుకొని, ‘ఇది దేనికి?’ అని అడిగింది. ‘దిండుకు. అడిగినోళ్లుండారు’ అన్నాడు. ఆమె మళ్లీ గోతంలో వేసి మూతి కట్టేసింది. మూతి బాగా బిగించి కట్టింది. అది మాత్రం గుర్తుంది, ఎందుకంటే మరుసటి రోజు విప్పడానికి కత్తెర పెట్టాల్సొచ్చింది.

పొద్దెక్కింది. రైలు కట్ట మీదుగా హిందూపురం వైపు ఏదో బండి పోయింది, ఇంత దూరానికి దాని చప్పుడు తేనెటీగల గుంపులా వచ్చింది. ఒక్కొక్కరే బిందెలు ఎత్తుకొని దిగిపోయారు. రాణి పోతూ పోతూ, ‘చాంద్‌బక్కను బిరీన రమ్మని చెప్పన్నా, ముచ్చట్లు లేక ఈడ తోస్తాండ్లేదు’ అంది. మునెమ్మ తన బిందెలు నింపుకొని కూడా పోకుండా, బండకు ఆనుకొని నిలబడింది. బుడన్‌సాబ్ వంతు వచ్చింది. ధార కింద బిందె పెట్టి, దోసిలి పట్టి ముందు తాగాడు. కొండలోపలి చల్లదనం పళ్లకు తగిలింది. రుచి అంటూ ఏమీ లేదు, అదే రుచి. ఇన్నేళ్లూ ఇదే తాగాడు, ఇట్లా ఆగి చూసుకొని తాగలేదు.

“అన్నా, ఒక మాట చెప్పేదా? ఏమనుకోగాకు,” అంది మునెమ్మ.

“చెప్పమ్మా.”

“అయన్నీ అబద్ధాలని నాకు తెలుసు.”

ధార బిందెలో డబడబ మోగుతోంది. 

“రాణి చిన్నపిల్ల, అది నమ్మింది. నేను మీ వీధిలో ఉండేదాన్ని, మీ ఇంట్లో టీ ఎవరు పెడతారో నాకు తెలీదా? పెద్దోళ్లందరికీ తెలుసు.”

“మరి ఏంటికి ఇంటాండారు?”

“ఈడ నిలబడితే కాళ్లు పీక్కపోతాయన్నా. ఆయమ్మ చెప్తాంటే నొప్పి తెలీదు. మా ఇంటాయప్ప నోరు తెరిస్తే తిట్టే. నోరు మూసుకున్న పొద్దు మాకు పండగ. చాంద్‌బక్క చెప్పేది ఇని ఇంటికి పోతే, ఆ పూట నా మొగుడు గూడా అట్ల ఉండాడేమో అనిపిస్తాది. కడాకు ఆయప్పకి పెట్టే ముద్ద రొంత పెద్దదిగా పెడతా.” మునెమ్మ నవ్వింది, ఆ నవ్వును మధ్యలోనే ఆపేసింది. “నిన్ను చిన్నబుచ్చేదానికి చెప్పలేదన్నా ఆయమ్మ. చెప్పేటప్పుడు ఆ మొగం నువ్వు చూడల్ల.”

ఆ ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకోబోయాడు. వంగి అన్నం వడ్డించే ముఖం వచ్చింది, నెత్తిమీద బిందెతో గుమ్మంలో వంగే ముఖం వచ్చింది. చెప్పే ముఖం రాలేదు. గొంతు సవరించుకొని, ఎవరో అడిగినట్టు అడిగాడు: “ఇంకా ఏం చెప్పింది?”

“శానా చెప్పింది. కొన్ని మరీ పెద్ద అబద్ధాలు. తాడిమర్రి దోవలో వంక పారతాంటే, నువ్వు ఆయమ్మను భుజాలమీద కూర్చోబెట్టుకొని, గొంతెత్తి పాడతా దాటిచ్చినావంట! ఆ వంకలో నీళ్లెప్పుడు చూసినాం మేము? పోనీ నీళ్లు వచ్చినాయే అనుకుందాం, నువ్వు పాడేదేందన్నా! కడుపులు పట్టుకొని నవ్వినాం అందరం.”

బుడన్‌సాబ్ చేయి ధార కిందే ఉండిపోయింది. ఎక్కడుంది ఇది ఇన్నేళ్లూ? ఎక్కడో లేదు, ఇక్కడే ఉంది, మునెమ్మ అనగానే ఎర్రటి నీళ్లు చుట్టూ వచ్చేశాయి. పెళ్లయిన కొత్త. షహీన్ ఇంకా పుట్టలేదు. తాడిమర్రిలో ఎవరింట్లోనో పనిచేసి, కూలికి బదులు దూది తీసుకొని ఇద్దరే వస్తున్నారు. పైన ఎక్కడో వాన కురిసిందేమో, ఇక్కడ చుక్క లేదు, వంక మాత్రం పొంగిపోతోంది, చెట్లకొమ్మలు, ఎవరిదో చెప్పు, ఎండిన పేడ అన్నీ తోసుకుంటూ. చీకటి పడితే ఈ ఒడ్డున ఉండటానికి ఇల్లు లేదు. నాయన భయం, దూది తడిస్తే నాయన తిడతాడన్న భయం. ‘నువ్వు నన్నెత్తుకో, నేను దూదినెత్తుకుంటా’ అంది చాంద్‌బీ. అట్లాగే ఎక్కింది భుజాల మీదికి, ఆమె నెత్తిన తెల్లటి మూట. తనకు ఈత రాదు. నడుముదాకా వచ్చాక కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే మోకాళ్లు గడగడా వణికాయి. ఆ వణుకు ఆమెకు తెలియకూడదని పాట ఎత్తుకున్నాడు, పీర్ల పండగకు గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాట. సగమే వచ్చు. మిగతా సగం నోటికొచ్చింది కట్టి పాడాడు, వంకనే తిడుతూ, దాని అమ్మను అబ్బను తిడుతూ. పైన ఆమె పడీపడీ నవ్వింది, ఆ నవ్వుకు తన భుజాలు ఊగాయి, మూట ఊగింది, ‘నవ్వొద్దే పడతాము’ అని అరిచాడు, అరిచి మళ్లీ పాడాడు. ఆ ఒడ్డుకు చేరాక దూది చూసుకుంటే ఒక్క పింజె తడవలేదు. గట్టుమీద కూర్చొని, తడిసిన లుంగీ పిండుకుంటూ, చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారు? అది గుర్తులేదు. మాట్లాడుకోవడం గుర్తుంది. తాను మాట్లాడటం గుర్తుంది.

బిందె నిండి పొర్లుతోంది. మునెమ్మ వంగి దాన్ని పక్కకు లాగి, రెండోది పెట్టింది.

“అది నిజమే,” అన్నాడు బుడన్‌సాబ్.

“ఏదన్నా?”

“వంక. నేను పాడింది. అది అబద్ధం కాదు.”

మునెమ్మ అతని ముఖంలోకి చూసింది. “అయ్యో దేవుడా,” అంది మెల్లగా. “దాన్నొక్కదాన్నే మేము నమ్మలేదన్నా.”

ఆ రోజు బుడన్‌సాబ్ అంగడి తెరవలేదు. నీళ్లు ఇంట్లో దించి, ముఖం కడుక్కొని, ధర్మవరం బస్సెక్కాడు. దోవలో అనుకున్న మాటలు దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. మగ్గాల వీధిలో ఏ ఇంట్లో చూసినా టకటకలే. వాళ్లక్క ఇంటి వసారాలో చాంద్‌బీ గోడవారగా కూర్చొని రాట్నం తిప్పుతోంది. ఎర్రటి పట్టుదారం ఆమె వేళ్ల మధ్యనుంచి కండెకు చుట్టుకుంటోంది. తల ఎత్తి చూసింది.

“ఏంది, ఉన్నట్లుండి?”

“బుగ్గ కాడికి పోయినా.”

రాట్నం ఆగింది. ఆగడంలో దారం తెగింది. ఆమె దాన్ని చూడలేదు. “ఎవరన్నా ఏమన్నా అన్నారా?”

“శానా అన్నారు.”

చాంద్‌బీ ముఖం దించుకుంది. తెగిన కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, “ఏదో నిలబడి నిలబడి... నోటికొచ్చింది చెప్పినా. తప్పుగా అనుకోగాకు,” అంది.

“వంక సంగతి నమ్మలేదంట ఎవరూ.”

ఆమె వేలిమీద దారం చుట్టు అట్లాగే ఉండిపోయింది.

“నిజమే అని చెప్పొచ్చినా.”

అప్పుడు చూసింది చాంద్‌బీ.  కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో బుడన్‌సాబ్‌కు తెలియలేదు. తెలియకపోతే అడగాలి. పోయి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

“మోకాళ్లు నొస్తాండాయా?”

“రెండేండ్లాయ,” అంది. కళ్లు తుడుచుకొని, తెగిన దారం కొసలు రెండూ తీసుకొని ముడివేసింది. “ఈ పని ఒప్పుకున్నా. అయ్యేదాకా రాను.”

“సరే. అంతవరకూ నేను పోతాలే బుగ్గకు.”

“పోయి ఏం చేస్తావు, మూగిదేవుడి మాదిరి నిలబడుకోని? ఆడ ఏమన్నా చెప్పకుంటే ఊరుకోరు.”

“నీ సంగతులు చెప్తా.”

“ఏం చెప్తావు? నా మాదిరి అబద్ధాలా?”

బుడన్‌సాబ్ ఆలోచించాడు. లోపల మగ్గం టకటకమని ఒక వరస నేసి ఆగింది.

“నీ గురించి చెప్పేదానికి అబద్ధాలేంటికి?” అన్నాడు.